వ్యానెక్కిన వాడి మాట

తమ్ముడు: సేవ కోసం చేసే దూరపు సైకిలు యాత్రలో ఒకడు గుంపుకు అందక వెనకబడితే, ఆఖర్న వచ్చే వ్యాన్ అతన్ని ఎక్కించుకుంటుంది. సైకిలు పైన కట్టేస్తారు, చేతిలో నీళ్ల సీసా పెడతారు, “పరవాలేదులే, మంచిపని కోసమే కదా వచ్చాం” అంటారు. నా పేచీ అంతా ఆ ఆఖరి మాటతోనే అన్నా. నెలల తరబడి తెల్లవారకముందే లేచి సాధన చేసి, బంధువుల్నీ తోటి ఉద్యోగుల్నీ చందా అడిగి, ఫలానా చోటిదాకా తొక్కుతానని మాటిచ్చి వచ్చిన మనిషికి కలిగే ఆశాభంగాన్ని మంచిపని పేరు చెప్పి నోరు మూయించడం న్యాయం కాదు. అది అతని సొంత బలహీనత మాత్రమే అయితే నేనూ ఊరుకునేవాణ్ణి. చాలాసార్లు అది యాత్ర నడిపిన తీరుకు సాక్ష్యం. కలిసి వెళదామని పిలిచి, తీరా రోడ్డెక్కాక ఎవరి దారి వాళ్లు చూసుకున్నారనే ఫిర్యాదు ఆ బాధలో ఉంది. ఆ ఫిర్యాదు వినకుండా సర్దిచెప్పేస్తే వచ్చే ఏడాది కూడా అదే తప్పు జరుగుతుంది.

అన్న: చందా ఇచ్చినవాళ్లు నీ కాళ్ల సత్తువ చూసి ఇవ్వలేదు తమ్ముడూ. గుంటూరు నుంచి కొత్తపట్నం సముద్రం ఒడ్డుదాకా ఒక యాత్ర పెట్టారనీ, వచ్చిన డబ్బుతో పాత ప్రకాశం జిల్లా పడమటి ఊళ్లకు మంచినీళ్లు ఇవ్వాలనుకున్నారనీ అనుకో. కనిగిరి, దర్శి, పొదిలి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు సంగతి నీకు తెలియనిది కాదు. తాగేనీటిలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకనిచోట మాత్రం ఒకటిన్నర దాకా ఒప్పుకోవచ్చని మన దేశంలో ప్రమాణం ఉంది. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లలకు పళ్లు గారపడతాయి, ఆ పైన పెద్దవాళ్లకు నడుమూ మోకాళ్లూ బిగుసుకుపోతాయి. ఆ ఊళ్లో నడుం వంగిన మనిషి పక్కన నిలబెడితే, మేదరమెట్ల దగ్గర వ్యానెక్కాల్సి వచ్చిందన్న బాధ ఎంతపాటిదో నువ్వే చెప్పు. నూట ముప్పై కిలోమీటర్లూ తొక్కినవాడు తెచ్చిన రూపాయీ, మధ్యలో వ్యానెక్కినవాడు తెచ్చిన రూపాయీ ఆ ఊళ్లో ఒక్కలాగే చెల్లుతాయి. అమెరికాలో మసాచుసెట్స్‌లో 1980లో బిల్లీ స్టార్ అనే ఆయన 36 మందితో పాన్ మాస్ ఛాలెంజ్ అని ఒక సైకిలు యాత్ర మొదలుపెట్టాడు. మొదటి ఏడాది పోగైంది పదివేల డాలర్ల పైచిలుకు. ఇప్పుడు రైడర్లు పోగు చేసిన ప్రతి డాలరూ డేనా ఫార్బర్ క్యాన్సర్ ఆసుపత్రికి వెళుతుంది. అక్కడ రైడరు ఒప్పుకున్న మొత్తాన్ని పోగు చేయలేకపోతే తన జేబులోంచి కట్టాలి. మాట అంటే డబ్బుకు సంబంధించిన మాట. ఎంత దూరం తొక్కావన్నది వాళ్లు ఇచ్చిపుచ్చుకునే లెక్కలో లేదు. నాకు అదే నిజాయతీగా కనిపిస్తుంది.

తమ్ముడు: డబ్బు ఒక్కటే లెక్క అయితే సైకిలు ఎందుకన్నా? ఇంట్లో కూర్చుని ఫోన్‌లో పంపించవచ్చు. అయినా జనం సైకిలెక్కుతున్నారు, ఆ తొక్కుడు చూసే చుట్టుపక్కలవాళ్లు చందా ఇస్తున్నారు. కష్టపడి ఒక చోటికి చేరతానన్న మాటే అడిగేవాడికి నోరిస్తుంది, ఇచ్చేవాడి చెయ్యి కదిలిస్తుంది. చందా తెచ్చేదీ ఆ కష్టమే, వెనకబడినప్పుడు బాధపెట్టేదీ ఆ కష్టమే. మొదటిది పుచ్చుకుని రెండోది నీ ఖర్మ అనడం కుదరదు. మీరు అమెరికా అన్నారు కాబట్టి అక్కడిదే ఇంకొకటి చెబుతాను. కాలిఫోర్నియాలో ఎయిడ్స్ రోగుల కోసం 1994లో సైకిలు యాత్ర మొదలైంది. 2002 నుంచి అక్కడి రెండు సేవాసంస్థలు ఎయిడ్స్ లైఫ్ సైకిల్ అనే పేరుతో సొంతంగా నడుపుకున్నాయి. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా ఏడు రోజులు, 545 మైళ్లు. కోట్ల డాలర్లు తెచ్చిన ఆ యాత్రను 2025 జూన్‌తో ఆపేశారు. ఖర్చులు పెరిగాయి, వచ్చే రైడర్లు తగ్గారు. ఎందుకు తగ్గారంటే వంద కారణాలు ఉంటాయి, ఆశాభంగమే కారణమని నేను అనను. మనుషులు రావడం తగ్గితే ఎంత గొప్ప ఉద్దేశమైనా నిధి తేలేదన్నది మాత్రం అందులో స్పష్టం. వ్యానెక్కిన మనిషి మళ్లీ ఏడాది రాడు. వచ్చినా ఎవర్నీ వెంటబెట్టుకు రాడు. మీరు రూపాయల్లోనే లెక్క చూడమంటే, అతని మనసు కూడా ఆ రూపాయల్లోనే ఉంది.

ఇక అతను ఎందుకు వెనకబడ్డాడన్నది చూడండి. సైకిలు మీద మనిషికి మైదానంలో పెద్ద శత్రువు గాలి. ముందు మనిషి వెనక చక్రానికి దగ్గరగా తొక్కేవాడికి దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా శ్రమ తగ్గుతుందని తొక్కేవాళ్లందరికీ తెలుసు. గుంపులో ఉన్నంతసేపూ బలహీనుడు కూడా నెట్టుకొస్తాడు. ఒక్కసారి ఇరవై గజాలు వెనకబడ్డాడా, అప్పటిదాకా పదిమంది పంచుకున్న గాలి మొత్తం ఒక్కడి గుండెల మీద పడుతుంది, ఇరవై గజాలు నిమిషాల్లో కిలోమీటరు అవుతాయి. ఇప్పుడు మీ దారి తీసుకోండి. గుంటూరులో ఆరింటికి బయలుదేరి, చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల మీదుగా ఒంగోలు, అక్కణ్నుంచి తూర్పుకు తిరిగి ఇంకో 18 కిలోమీటర్లకు అటూ ఇటూ తొక్కితే కొత్తపట్నం. గంటకు 22 కిలోమీటర్లు తొక్కేవాడు, ఆగిన వేళలు కలుపుకుని, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా సముద్రం చూస్తాడు. పదిహేను తొక్కేవాడు ఒంగోలు చేరేటప్పటికే మూడవుతుంది. అప్పటికి సముద్రపు గాలి లేచి ఉంటుంది. ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్లేవాడికి అది ఎదురుగాలి. ఎవరికి గుంపు అండ అందరికంటే అవసరమో వాడు, గాలి అన్నింటికంటే ఎక్కువ ఉన్న ముక్కలో ఒంటరిగా ఉంటాడు. ఇది ఆ మనిషి చేతకానితనమా? గుంపు విడిపోవడంతో అతని మీద పడిన బరువు అది.

అన్న: నీ లెక్క బాగుంది. దారి సంగతి మాత్రం ఒక్క గాలితో తేలదు. ఈ మైదానాల్లో యాత్రకు దొరికే రోజులే తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను భయం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఫిబ్రవరి దాటితే ఎండ మనిషిని నిలువనివ్వదు. మిగిలేది జనవరి, ఫిబ్రవరి. సరిగ్గా అప్పుడే కళ్లాల్లో మిరపకాయ ఎండుతుంది, పత్తి బేళ్లూ మిర్చి టిక్కీలూ వేసుకున్న లారీలూ ట్రాక్టర్లూ గుంటూరు దారి పడతాయి. పదహారో నంబరు జాతీయ రహదారి కోల్‌కతా చెన్నైల మధ్య బండ్లన్నింటికీ దారి. అలాంటి రోడ్డు మీద యాభైమందిని మెల్లగా తొక్కేవాడి వేగానికి దించితే, ఆ యాభైమందీ ఇంకో మూడు గంటలు లారీల పక్కన ఉంటారు. ఒకడి మనసు నిలబెట్టడానికి నలభై తొమ్మిదిమందిని ప్రమాదంలో ఎక్కువసేపు ఉంచడం దయ కాదు. రోడ్డు మీద సైకిలు మనిషి ఎంతసేపుంటే అంత ముప్పు. అందుకే వ్యాన్ ఉంది. వ్యాన్‌ను నువ్వు శిక్షలాగా చెబుతున్నావు. ఎండదెబ్బ తగలబోయే మనిషిని నీడలోకి తీసుకోవడం శిక్ష ఎలా అవుతుంది?

ఇంకొకటి, నీకు కష్టంగా ఉన్నా చెప్పాలి. సేవ అని బయలుదేరినవాడు దారిలో ఎక్కడో ఆ పనిని తన విజయంగా మార్చుకుంటాడు. ఇసుకలో సైకిలెత్తి దిగే ఫోటో అతనికి మంచినీళ్ల కంటే పెద్దదవుతుంది. ఆ ఫోటో పోయినందుకు వచ్చిన బాధను నిర్వాహకుల మీద వేసిన నేరంగా మనం చదవనక్కరలేదు. అతను ఎందుకు వచ్చాడో అతనికి గుర్తుచేసే బాధ కూడా కావచ్చది.

తమ్ముడు: కొందరి విషయంలో అది నిజమే, ఒప్పుకుంటాను. ఫోటో కోసమే వచ్చినవాడి తరఫున నేను మాట్లాడటం లేదు. వ్యాన్ కూడా వద్దనను. ఒళ్లు తూలుతున్న మనిషిని ఎక్కించి తీరాలి. నేను అడిగేది వేరు. దూరపు సైకిలు తొక్కుడులో వందేళ్లకు పైబడిన రెండు పద్ధతులున్నాయి. 1897లో ఇటలీలో కొందరు రోమ్ నుంచి నేపుల్స్‌కు ఒక్క పగటిలో తొక్కారు, ఆడాక్స్ అనే పేరు అక్కణ్నుంచే వచ్చింది. 1904లో అంరీ దెగ్రాంజ్ అనే ఆయన దాన్ని ఫ్రాన్సుకు తెచ్చాడు. ఆ పద్ధతిలో ముందు ఒక కెప్టెన్ ఉంటాడు, అందరూ అతను పెట్టిన వేగానికే తొక్కాలి, అతన్ని ఎవరూ దాటకూడదు. ఇప్పుడు ఆ వేగం మామూలుగా గంటకు 22.5 కిలోమీటర్లు. తర్వాత గొడవలొచ్చి, 1921లో పారిస్ ఆడాక్స్ క్లబ్బు ఎవరి వేగం వారిదే అనే రెండో పద్ధతి పెట్టింది. మన రాష్ట్రాల్లో కుర్రాళ్లు తొక్కే బ్రెవేలనే దూరపు యాత్రలు ఈ రెండో రకానివే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600కు 40 గంటలు గడువు. గడువులోపల ముందొచ్చినా ఆఖర్నొచ్చినా ర్యాంకు ఉండదు, తోడుగా ఎవరూ ఉండాల్సిన పనీ లేదు. మొదటి పద్ధతిలో గుంపు నిన్ను మోస్తుంది, నువ్వు గుంపు వేగానికి కట్టుబడతావు. రెండోదానిలో నువ్వు స్వేచ్ఛగా ఉంటావు, ఒంటరితనం నీదే. రెండింటిలోనూ షరతు ముందే చెబుతారు, అందుకే రెండూ న్యాయమైనవే. మన సేవాయాత్రలు చాలావాటిలో మూడోది జరుగుతుంది. పిలిచేటప్పుడు మొదటి పద్ధతి మాటలు: అందరం కలిసి, ఒకరికొకరు తోడుగా, వేగంతో పనిలేదు. రోడ్డెక్కాక రెండో పద్ధతి. దానికి తోడు మధ్యాహ్నానికల్లా సభ ఉందని, అతిథి వచ్చి కూర్చున్నాడని తొందర. వెనకబడినవాడు ఓడిపోయింది దూరంతో కాదు, రెండు మాటల మధ్య ఉన్న ఆ తేడాతో.

అన్న: ఆ తేడా గురించి నువ్వన్నది సరైనదే. వేగం ఎంతో, ఎన్నింటికి ఎక్కడికి చేరకపోతే వ్యాన్ ఎక్కాలో కాగితం మీద ముందే రాయాలి. అతిథి కోసం రైడర్లను తరమడం తప్పు, దాన్ని నేను వెనకేసుకురాను. కానీ అన్నీ ముందే రాశాక కూడా వ్యానెక్కినవాడి గుండెలో బాధ అలాగే ఉంటుంది కదా. అప్పుడేమంటావు? షరతు సరిచేస్తే ఫిర్యాదు పోతుంది, ఆశాభంగం పోదు. దానితో బతకడం ఎలాగో మనకు మన చరిత్రలోనే ఉంది. ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు ఆంధ్ర రైతులు చేసిన యాత్ర తలుచుకో. తొమ్మిది జిల్లాలు, 1500 మైళ్లు, 130 రోజుల నడక. దారిపొడుగునా అర్జీలు తీసుకుని 1938 మార్చి 27న మద్రాసులో శాసనసభకు సమర్పించారు. ఏం వచ్చింది? రెవెన్యూ మంత్రిగా ఉన్న మన ఒంగోలు ప్రకాశం పంతులు గారి అధ్యక్షతన అప్పటికే వేసిన కమిటీ, జమీందారీ భూమి మీద హక్కు రైతుదేనని నివేదిక ఇచ్చింది. అది చట్టంగా మారేలోపు 1939 అక్టోబరులో మంత్రివర్గమే రాజీనామా చేసింది. ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేసరికి 1948. పదేళ్లు. నడిచినవాళ్లలో ఆ రోజు చూడకుండానే కన్నుమూసినవాళ్లు ఉండరా? నా నడక వృథా అయిందని ఎవరైనా లెక్క అడిగి ఉంటే ఆ ఉద్యమం ఏమయ్యేది? చేరడం ఒకటి, చేసిన పని ఒకటి. చేరలేకపోయినా పని పనే.

తమ్ముడు: మీరు తెచ్చిన ఉదాహరణే నాకు పనికొస్తుంది అన్నా. 1500 మైళ్లను 130 రోజులకు పంచి చూడండి. రోజుకు పదకొండున్నర మైళ్లు, అంటే 18 కిలోమీటర్ల పైచిలుకు. ఆ రోజుల్లో నడక అలవాటున్న రైతుకు అది ఒక పూట నడక. మిగతా పూట ఏమైంది? ఊరూరా సభలు పెట్టారు, జనం చెప్పింది విన్నారు, అర్జీలు రాయించారు. ఆ యాత్ర వేగాన్ని కాళ్లు నిర్ణయించలేదు, వచ్చిన పని నిర్ణయించింది. అలాంటి నడకలో మెల్లగా నడిచేవాడికి కూడా చోటుంటుంది. మన సైకిలు యాత్రకు మంచినీళ్లే అసలు పని అయితే దాని వేగం కూడా ఆ పనే చెప్పాలి. గుంటూరు నుంచి ఏకబిగిన సముద్రానికి పరుగెత్తే బదులు ఫ్లోరైడు ఊళ్ల మీదుగా రెండు మూడు రోజులు తిరిగితే, అక్కడి మనుషులతో మాట్లాడితే, ఎవడు ముందు ఎవడు వెనక అన్న మాటే రాదు. ఇంకో తేడా కూడా ఉంది. ఆ రైతులు తమ భూమి కోసం తాము నడిచారు. బాధ తమదే, నడక తమదే, కాబట్టి పదేళ్ల ఎదురుచూపునూ తమదిగా మోశారు. సేవాయాత్రలో తొక్కేవాడు వేరు, నీళ్లు కావలసినవాడు వేరు. ఇద్దరినీ కలిపే బంధం ఆ తొక్కుడు ఒక్కటే. అది మధ్యలో తెగితే అతని దగ్గర మిగిలేది చందా రసీదు.

ఆశాభంగాన్ని దిగమింగమని ఆ తరం ఎవరికీ చెప్పలేదు కూడా. 1937 వేసవిలో కొత్తపట్నంలోనే ఆర్థిక రాజకీయ పాఠశాల పెట్టారు, మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నేర్చుకుందామని వచ్చిన యువకులకు అది ఎంత దెబ్బో ఊహించవచ్చు. ఇంకేముందిలే అని వాళ్లెవరూ సర్దుకోలేదు. అన్యాయం జరిగిందని ఎలుగెత్తి చెప్పారు. ఆ ఏడాది చివర్లోనే రైతుయాత్ర కదిలింది. బాధను బయటికి చెప్పనిస్తే యాత్ర బలహీనపడుతుందన్న మీ భయం నాకు అర్థం కాదు.

అన్న: బాధ చెప్పొద్దని నేననలేదు, దానికి ఎంత ఖర్చు పెట్టాలన్నదే నా ప్రశ్న. నువ్వు రెండు మూడు రోజుల యాత్ర అన్నావు. రాత్రి బసలు, భోజనాలు, ఇంకో రెండు వ్యాన్లు, ఒక డాక్టరు. ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? కాలిఫోర్నియాలో మొదట ఆ ఎయిడ్స్ యాత్రలు నడిపింది డాన్ పలోటా అనే ఆయన కంపెనీ. గుడారాలూ భోజనాలూ ప్రచారమూ ఘనంగా ఉండేవి, జనం వేలల్లో వచ్చారు, వచ్చిన సొమ్ములో ఖర్చులకే చాలా పోతోందన్న విమర్శా అంతే గట్టిగా వచ్చింది. 2002లో కంపెనీ మూతపడింది. పెద్దగా ఖర్చుపెడితేనే పెద్దగా వస్తుందని ఆయన వాదించాడు, అందులోనూ నిజం లేకపోలేదు. కానీ చందా ఇచ్చిన ఒంగోలు టీచరమ్మ తన ఐదువందల్లో ఎంత నీళ్లకు పోయింది, ఎంత రైడర్ల ఇడ్లీలకు పోయింది అని అడిగితే నువ్వేం చెబుతావు? తొక్కేవాడి సంతృప్తి కోసం పెట్టే ప్రతి ఏర్పాటూ నీళ్ల నుంచి తీసినదే.

తమ్ముడు: ఆ టీచరమ్మకు చెప్పే జవాబు నా దగ్గర పూర్తిగా లేదు. ఖర్చుతో చేసే మార్గాలన్నింటికీ మీ అభ్యంతరం తగులుతుంది. ఖర్చు లేనివీ ఉన్నాయి కదా. మెల్లగా తొక్కేవాళ్లను రెండున్నర గంటలు ముందు పంపవచ్చు.

అన్న: తెల్లవారుజామున మూడున్నరకు, జనవరి మంచులో, లారీల రోడ్డు మీదకు? నీ గుంపులో అందరికంటే అలవాటు లేనివాళ్లను చీకట్లోకి నువ్వే పంపుతావా?

తమ్ముడు: లేదు, అది తప్పే. వెనక్కి తీసుకుంటాను. అయితే ఇంకో దారి. ఎవరి వేగాన వాళ్లు ఒంగోలు దాకా రావాలి, మధ్యలో వ్యానెక్కినవాళ్లను కూడా అక్కడే దింపాలి. అక్కడ అందరూ ఆగి, కొత్తపట్నం దాకా ఆఖరి ముక్కను ఒక్క గుంపుగా తొక్కాలి. అది జాతీయ రహదారి కాదు, లారీల ఒత్తిడి తక్కువ. ఎదురుగాలి అంతా అక్కడే కాబట్టి గట్టివాళ్లు ముందు నిలబడి గాలి కాస్తే, బక్కప్రాణులు వాళ్ల వెనక వస్తారు. కెప్టెన్ మెల్లగా వచ్చేవాడి పక్కన ఉండాలి. ఒక్క రూపాయి ఖర్చు లేదు. వ్యానెక్కినవాడు మొత్తం దూరం తొక్కలేదన్నది అలాగే ఉంటుంది, ఆ బాధ అతనిది, దాన్ని నేను తీసేయలేను. కలిసి చేరతామన్న మాట మాత్రం నిలబడుతుంది.

అన్న: ఇందాకటి నీ లెక్కే నీకు చెబుతాను. వేగంగా వచ్చినవాడు పన్నెండింటికి ఒంగోల్లో ఉంటాడు, మెల్లగా వచ్చేవాడు మూడింటికి. ముప్పైమందిని మూడు గంటలు కూర్చోబెడతావు. ఒళ్లు చల్లబడి కండరాలు పట్టేస్తాయి, సాయంత్రం రైలు తప్పుతుంది. వాళ్లు కూడా నెలల తరబడి సాధన చేసినవాళ్లే. ఒక్క ఊపున సముద్రం చేరాలని వాళ్లకూ ఉంటుంది. వాళ్లది ఆశాభంగం కాదా? ఆపైన ఎక్కువ చందా తెచ్చేదీ చాలావరకు వాళ్లేనేమో, ఏళ్ల తరబడి తొక్కుతున్నవాళ్లకు పరిచయాలెక్కువ. వచ్చే ఏడు ఆ ముప్పైమందీ రాకపోతే?

తమ్ముడు: రాకపోవచ్చు. ఆ నష్టం నిజమైనదే, కాదనను. నేననేది, ఆ మాట వాళ్లను పేర్లు రాసుకునే రోజునే అడగాలని. ఒంగోల్లో మూడు గంటలు ఆగగలరా, ఆఖరి ముక్కలో ఇంకొకరికి గాలి కాస్తారా అని. ఇన్నాళ్లూ సర్దుకోమని అడిగింది వ్యానెక్కినవాణ్ణి ఒక్కణ్ణే. గట్టిగా తొక్కేవాడు కూడా మంచిపని కోసమే వచ్చాడు కాబట్టి, ఆ మాట ఒకసారి అతనికీ చెప్పి చూడాలి.

అన్న: చెప్పు, తప్పకుండా అడుగు. అడిగినప్పుడు సగంమంది ఆగలేమంటే వాళ్లు తెచ్చే చందా వదులుకుంటావా, మెల్లగా వచ్చేవాణ్ణి వదులుకుంటావా అన్నది మాత్రం ఆ రోజే తేల్చుకోవాలి. కనిగిరి ఊళ్లో బిందె పట్టుకుని నిలబడ్డావిడకు ఆ తీర్మానం నువ్వే చెప్పాలి, నేను చెప్పలేను.

తమ్ముడు: ఆవిణ్ణి కూడా అడుగుదాం అన్నా. మనం ఆవిడ పేరు మీద ఇంతసేపు వాదించుకున్నాం, ఆవిడ ఊరిమీదుగా వెళ్లే యాత్ర మాత్రం ఇంకా వెయ్యలేదు.